హయ్యరు సారు నొక్కని ఎంటర్

ఇప్పటి పిల్లకాయలకు చెప్తే నవ్వుతారు గానీ, మా రాజపాళయంలో కంప్యూటరు ఉండే గదిలోకి చెప్పులేసుకొని పోతే దానికి జబ్బు చేస్తుందని నమ్మిన కాలం ఒకటి ఉండింది. మా మామ ప్రెస్సులో ఆ గదికి గాజు తలుపు, తలుపుకు తెర, తెర మీద ‘చెప్పులు బయట’ అని తమిళంలో బోర్డు. లోపల ఊరంతటికీ దొరకని చల్లగాలి. ఆ గాలి కోసమే నేను కాలేజీ ముగించినంక మామ దగ్గర పనికి చేరినానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అబద్ధం. (పూర్తిగా అబద్ధం కాదు.) మామ అంటే మా అమ్మకు తమ్ముడు. చేర్చుకునే రోజే ఒక మాట చెప్పినాడు: “అల్లుడా, ఆరు నెలలు చూస్తాను. నీ చదువుతో ప్రెస్సుకు ఏమన్నా అయిందా, సంతోషం. కాలేదా, మిల్లులో చెప్పి పెట్టినాను, మూడో షిఫ్టుకు పో. దూది పీల్చుకుంటూ ఉండు.”

మా ప్రెస్సుకు పెండ్లి పత్రికలే బతుకు. కానీ మా ఊరికి బస్సెక్కితే పడుకొని లేచేలోపల శివకాశి వస్తుంది. అక్కడ లేని అచ్చు మిషను లేదు, అక్కడ కొట్టని రంగు లేదు. పత్రిక వేయించుకోను వచ్చిన ప్రతివాడూ మా మామతో కాపీ తాగి, మాట్లాడి, ఆపైన శివకాశి బస్సెక్కేవాడు. అప్పుడు మామకు తోచిన ఉపాయమే తెలుగు. మా ఇండ్లలో మాట తెలుగు, రాత తమిళం. ఎన్నో తరాలుగా అంతే. అంగడి చీటీలో ‘చింతపండు’ అని తెలుగే రాస్తాము, కానీ తమిళ అక్షరాలతో. తెలుగు అక్షరం చదివేవాళ్లు ఊళ్లో వేళ్లమీద లెక్కబెట్టేంత మంది గూడా లేరు. అయినా పత్రికలో పై భాగం తెలుగు అక్షరాల్లో ఉంటే పెద్దోళ్లకు కడుపు నిండినట్లు ఉంటుంది. “చదవను రాకపోతే ఏమిరా? చూసుకోను ఉండొద్దా?” అన్నాడు మామ. శివకాశిలో తెలుగు వేయించాలంటే ఆంధ్రా ఆర్డర్లు చూసే ప్రెస్సు వెతకాలి, తప్పులు దిద్దను మనిషిని వెతకాలి. మా దగ్గర అయితే నేనుండాను. (నాకూ తెలుగు అక్షరాలు రావు. ఆ సంగతి మామకు చెప్పలేదు. ఫాంటుతో వచ్చిన పట్టీ చూసి ఒక నెలలో నేర్చుకున్నాను.)

ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే ప్రోగ్రాం ఒకటి రాయను మొదలుపెట్టినాను. తెర మీద ఒక పెట్టె, దాని కింద ‘ప్రింట్’ అని ఒక బొత్తాం. చూసేదానికి ఇంతే. లోపల కథ వేరే. మీట నొక్కితే ఒక కబురు వస్తుంది, వదిలితే ఒక కబురు వస్తుంది, నొక్కి పట్టుకుంటే ‘ఇంకా వదల్లేదు, ఇంకా వదల్లేదు’ అని వరసగా కబుర్లు వస్తూనే ఉంటాయి. ఆ కబుర్లన్నీ అందుకొని, ఏది అక్షరమో ఏది కాదో తేల్చేది నా పని. తెలుగు అక్షరం ఒక్క మీటతో తయారయ్యేది కాదు కదా, తయారవుతూ ఉండేంతసేపూ దాని కింద ఒక గీత కనిపించేటట్లు పెట్టినాను. మాది మామిడికాయల ఊరు, అందుకని ఆ గీత ఉండేవాటికి ‘కాయలు’ అని పేరు పెట్టుకున్నాను. ఎంటర్ నొక్కితే గీత పోయి కాయ పండవుతుంది, అంటే పెట్టెలో నిలిచిపోతుంది. వేరే ప్రోగ్రాములు ఒక్కొక్క మాటకు పండిస్తాయి. నేను గొప్పోణ్ణి కాబట్టి ఎంత పొడుగైనా ఒకేసారి కాయగా ఉండేటట్లు రాసినాను. ఇంకో తెలివి గూడా చేసినాను: పెట్టెను వదిలేసి మనిషి వేరే చోట నొక్కినాడంటే, పండని కాయలన్నీ పారెయ్. సగం అక్షరాలు మిగిలి ఉంటే అసింగంగా, చూసేదానికి రోతగా ఉంటుందని. ఆ ఒక్క వరస రాసిన దినం నాకు నేనే మిఠాయి కొనుక్కొని తిన్నాను.

ప్రోగ్రాం నాది, వేళ్లు మాత్రం హయ్యరు సారువి. టైప్‌రైటింగ్‌లో ఇంగ్లీషు హయ్యరు, తమిళం హయ్యరు రెండూ పాసయిన మనిషి, అందుకని ఆ పేరు. ఊళ్లో సగం మందికి ఆయనే టైపు నేర్పినాడు. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూటు ఖాళీ అయితే మామ మర్యాదగా పిలుచుకొని వచ్చి ప్రెస్సులో కూచోబెట్టినాడు. ఆయన కొట్టిన కాగితంలో తప్పు పట్టినోడు పుట్టలేదు. కానీ ఆ వేళ్లు ముప్పై ఏండ్లు ఇనుప మిషనుతో కుస్తీ పట్టిన వేళ్లు. మొదటి దినం ఆయన ఒక మీట కొడితే తెర మీద ఏడు అక్షరాలు పడినాయి.

“ఏం తంబీ, నీ మిషనుకు నత్తినా?” అన్నాడు.

“లేదు సారు, మీరు మీట వదలడం లేదు. మెల్లగా తాకితే చాలు.”

“మెల్లగా తాకేదానికి ఇది వీణనా? కొడితేనే టైపు.”

ఆయన వేళ్లు మారవని అర్థమై, ‘ఇంకా వదల్లేదు’ అనే కబుర్లన్నీ చెవిన పెట్టుకోవద్దని ప్రోగ్రాముకు చెప్పినాను. అది తీరింది. ఇంకో రెండు అలవాట్లు మాత్రం తీర్చేదానికి నా వల్ల కాలేదు. ఒకటి, ఆయన తెర చూడడు. పక్కన నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన కాగితమే చూస్తాడు. “తల తిప్పినోడు ఫెయిలు” అని ముప్పై ఏండ్లు పిల్లకాయలకు చెప్పిన నోరది. రెండోది, వరస ముగిస్తూనే ఎడంచెయ్యి పైకి లేచి గాల్లో ఒక్క తోపు తోసేది. పాత మిషనులో కాగితం పట్టుకునే బండిని వెనక్కి తోసే పిడి ఆ పక్కన ఉంటుంది కదా, ఆ తోపు. మొదటి వారంలో మూడు నీళ్ల గ్లాసులు పోయినాయి, ఒకసారి మామ కండ్లద్దాలు పోయినాయి. (అయిదోసారి పిల్లి పోయింది అంటాను నేను. నా పెండ్లాం పిల్లి లేదంటుంది. ఆమె అప్పుడు అక్కడ లేదు.) ఆ పక్క సామాన్లు తీసేసినాము, అంతే. ఆ తోపులో నాకు రాబోయే చావు ఉండాదని అప్పుడు తెలియలేదు.

అయిదో నెలలో చోళపురం నుంచి ఒక పెద్ద ఇంటి పెండ్లి వచ్చింది. వెయ్యి పత్రికలు. ఆ ఇంటికి పెద్ద, తొంబై ఏండ్ల అవ్వ. తెలుగు అక్షరాలు చదవను తెలిసిన మనిషని చుట్టుపక్కల పేరు. చిన్నప్పుడు వాళ్ల నాయన పలక మీద నేర్పినాడంట. పత్రిక మొత్తం తెలుగులోనే ఉండాలని ఆమె పట్టు పట్టినందుకే మా దగ్గరికి వచ్చినారు. మా పక్క ఒక అలవాటు ఉండాది: వేసిన మొదటి పత్రికకు నాలుగు మూలలా పసుపు పెట్టి, తాంబూలం తట్టలో ఇంటి పెద్ద చేతికి ఇయ్యాలి. పెద్ద అందరి ముందర పేర్లన్నీ పైకి చదవాలి. ఎవరి పేరు ఎవరి తర్వాత వచ్చిందనేది అక్కడే తేలాలి. తేలకపోతే పెండ్లి దినం మండపం వాకిట్లో తేలుతుంది, అది ఇంకా అధ్వానం. దినం శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం పుడుతుంది, ఆ లోపల పత్రిక అవ్వ చేతిలో పడాలి. “ఈ ఆర్డరుగూడా శివకాశికి పోయిందంటే,” అని మామ నా చెవిలో చెప్పినాడు, “సోమవారం నువ్వు మిల్లులో ఉంటావు, నేను నీ పక్కనే ఉంటాను.”

తొమ్మిదిన్నరకు వ్యాను దిగినారు, పదైదు మంది. అందరూ గాజు తలుపు అవతల చెప్పులు విడిచి, చల్లగాలికి లోపలికి వచ్చి నిలబడినారు. హయ్యరు సారు చేతులు కడుక్కొని, దండం పెట్టుకొని మొదలుపెట్టినాడు. ఆ వేగం చూసి జనం నోరెళ్లబెట్టినారు. అక్షరాలు తెర మీద వాన కురిసినట్లు పడతాండాయి. వరస ముగిసినప్పుడల్లా ఎడంచెయ్యి గాల్లో తోపు. పెండ్లికొడుకు చిన్నాయన ఒకసారి తల పక్కకు తీసి తప్పించుకున్నాడు గూడా. అన్ని అక్షరాల కింద గీతలుండాయని నేను చూసినాను. చూసి, ‘గీతలు అందంగానే ఉండాయి’ అనుకున్నాను. అంతకు మించి బుర్ర పోలేదు.

పదీ ఇరవైకి సారు ముగించి, “ఓవర్” అన్నాడు. మామ ముందరికి వంగి, మౌసు పట్టుకొని, తానే ప్రింట్ బొత్తాం నొక్కినాడు. ఆ క్షణం పెట్టె ఖాళీ అయిపోయింది.

నాకు అప్పుడు తట్టింది. హయ్యరు సారు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి గూడా ఎంటర్ నొక్కలేదు! అప్పటిదాకా ఆయన కొట్టినంక ఎంటర్ నొక్కి ప్రింటు తీసేది నేనే కదా, ఆయనకు ఆ అలవాటే లేదు. వరస వరసకూ గాలిని తోసినాడు. గాలి ఏ కబురూ పంపదు కదా. అంతా కాయగానే ఉండిపోయింది. మామ బొత్తాం నొక్కను పెట్టెను వదిలిన వెంటనే, నా తెలివైన వరస లేచి, ఉన్న కాయలన్నీ పారేసింది. ప్రింటరు మాత్రం తన పని తాను చేస్తూ, పైన వినాయకుడు, చుట్టూ పూలు ముందే అచ్చయి ఉండే అట్టను బోర్లా బయటికి తోసింది. మామ కండ్లు గోడ గడియారం మీద ఉండాయి. అట్టను చూడకనే రెండుగా మడిచి, నాలుగు మూలలా పసుపు పెట్టి, తట్టలో పెట్టేసినాడు.

“మామా, ఒక నిమిషం...” అన్నాను.

“సుమ్మా ఉండరా, నోరెత్తొద్దు! నాలుగు నిమిషాలే ఉండాయి.”

తట్ట అవ్వ చేతికి పోయింది. ఆమె పత్రికను కండ్లకద్దుకొని, విప్పి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకునింది. లోపల వినాయకుడు తప్ప ఏమీ లేదు. అది నాకొక్కడికే తెలుసు. నాకు మిల్లు సైరను వినిపించింది. (అది నిజంగానే మోగే టైము గూడా.) అవ్వ గొంతు సవరించుకునింది. చదవను మొదలుపెట్టింది!

దేవుడి పేరుతో మొదలుపెట్టి, ముత్తాతల పేర్లు, తాతల పేర్లు, ఇంటిపేరు, ఊరు, నెల, తిథి, మండపం, అన్నీ నిదానంగా, ఒక్క తడబాటు లేకుండా. వేలు వరస వెంబడి పోతాండాది. వరస ముగిస్తే వేలు కింది వరసకు దిగతాండాది. మధ్యలో పెండ్లికొడుకు చిన్నాయన, “అవ్వా, మా నాయన పేరు రాలేదే?” అన్నాడు.

“వస్తుంది, ఉండు. నీకేమిరా తొందర? ఇదో, ఇక్కడుండాది” అని ఖాళీ చోట వేలు పెట్టి, ఆ పేరు ఇనిషియలుతో సహా చదివింది. ఆయన మొగం వెలిగిపోయింది.

చివర్న ‘బంధుమిత్రుల రాక కోరేవారు’ అని ముగించి, “అక్షరాలు ముత్యాలట్ల ఉండాయి. కొట్టింది ఎవరు?” అనింది. హయ్యరు సారు లేచి దండం పెట్టినాడు. చిన్నాయన, “యాదీ, నేనూ ఒకసారి చూస్తాను” అని చెయ్యి చాపినాడు. అవ్వ పత్రికను మడిచి నడుముకు దోపుకునింది. “నీకు తెలుగు చదవను వచ్చునా? చూసి ఏం చేస్తావు? కాపీ తాగుపో.”

వాళ్లు కాపీ తాగను బయటికి పోయినారు. గాజు తలుపు మూసుకుంటూనే మామకు ఖాళీ పెట్టె చూపించినాను. మామ కుర్చీలో కూలబడినాడు. నేను ‘పారెయ్’ అనే వరసను కొట్టేసి, ‘వదిలిపోయేటప్పుడు ఉన్న కాయలన్నీ పండించు’ అని రాసినాను. ఒక్క వరస. ఆ అయిదు నెలల పనిలో నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. హయ్యరు సారుకు ఏమైందో చెప్తే, “నువ్వు నేర్పాల్సింది నువ్వు నేర్పలేదు, నేను నేర్చింది నేను చేసినాను” అని, మొత్తం మళ్లీ కొట్టినాడు. గాలిని తోస్తూనే. ఈసారి మామ ప్రింట్ నొక్కితే పెట్టె నిండుగానే ఉండింది, పత్రిక గూడా నిండుగా వచ్చింది. వెయ్యీ మా దగ్గరే అచ్చయినాయి. శివకాశి బస్సు వాళ్లు లేకుండానే పోయింది. మిల్లు నాకోసం ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉండాది.

కట్టలు ఇయ్యను చోళపురానికి నేనే పోయినాను. అవ్వకు ఒక పత్రిక చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూచున్నాను. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసింది. తిప్పి చూసింది. ఆపైన నా పక్క చూసి, “ఇదీ బాగానే ఉండాది గానీ, మొదట ఇచ్చిందే ఇంకా బాగుండింది రా” అనింది.

ఆ మాటకు బస్సులో నవ్వుకుంటూ వచ్చినాను. ఆమెకు ఒక్క అక్షరం రాదు, తొంబై ఏండ్లుగా ఊరిని నమ్మించిందని, ఆ దొంగతనం నేనొక్కడినే కనిపెట్టినానని. నాకు ముప్పై దాటినంక వేరే మాట తోచింది. ఖాళీ అని చూసి, నా మొగం చూసి, మా ప్రెస్సు పరువు నడుముకు దోపుకునిందేమో. ఇప్పుడు యాభై దాటింది, చత్వారం వచ్చింది. ఇప్పుడనిపిస్తాది, ఆమెకు ఆ పేర్లన్నీ నిజంగానే అక్కడ కనిపించినాయేమో అని. మొన్న ఈ మూడూ చెప్తే నా పెండ్లాం, “ఏదో ఒకటి తేల్చండి, ఎన్నేండ్లు చెప్తారు?” అనింది. తేల్చడం నాకిష్టం లేదు. కాయ కింద గీత అట్లే ఉండనీ.