తలకిందులైన ముప్పై జెండాలు

ఆ వీధిలో జెండాలు కుట్టే దర్జీని ఎవరూ దర్జీ అనరు, మంత్రిగారు అంటారు. విదేశాంగ మంత్రి. ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున షట్టరు ఎత్తి రేడియో పెట్టింది మొదలు ఏ దేశం ఏ దేశంతో ఎలా మసలుకోవాలో ఆయన చెప్పాల్సిందే, వచ్చినవాళ్లు వినాల్సిందే. ఎవరు ఎవరికి ఆయుధాలు అమ్ముతున్నారు, ఎవరు పైకి శాంతి అంటూ లోపల్లోపల గోతులు తవ్వుతున్నారు, మన సర్కారు ఎక్కడ నోరు విప్పాలి, ఎక్కడ మూసుకోవాలి, అన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. ఆటల పోటీలకు రంగు జెండాలు కావాలని వచ్చిన డ్రిల్లు మాస్టారు కూడా రెండు యుద్ధాలు వింటే గానీ బయటపడలేడు.

రెండో మిషను మీద ఆయన భార్య కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఆ ఉపన్యాసాలకు ఊ కొట్టిందీ లేదు, కాదన్నదీ లేదు. తల వంచుకుని మిషను తొక్కుకుంటూ పోతుంది.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. బల్ల మీద పెట్టే చిన్న జెండాకు ఒక పక్కన కర్ర దూర్చే గొట్టంలా కుడతారు. ఆ గొట్టం పై కొస మూసెయ్యాలి, లేకపోతే కర్ర పైకి పొడుచుకొస్తుంది. ఏ కొస పైకి రావాలో మంత్రిగారు సుద్దతో ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తున్న చోట ఆవిడ కుట్టేస్తుంది. ఇన్ని దేశాల రంగులు ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఆవిడ రంగు చూడదు, గుర్తే చూస్తుంది. ఆ తర్వాత సుద్ద దులిపి ఇస్త్రీ చేస్తారు.

యుద్ధంలో ఉన్న రెండు దేశాలవాళ్లు ఆ ఊళ్లోని పెద్ద హోటల్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక్కో దేశానికి ముప్పై జెండాలు కావాలని కబురొచ్చింది. అందులో ఒక దేశం జెండాకు పైన ఊదా, మధ్యన తెలుపు, కింద నారింజ. ఆ దేశం పేరెత్తితేనే మన మంత్రిగారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పదిరోజుల కిందట వాళ్ల విమానాలు ఒక ఆసుపత్రి మీద బాంబులు వేశాయి మరి. ఒక చేత్తో సుద్ద పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ అందుకున్నాడు.

"శాంతి చర్చలట! సిగ్గుండాలి. వీళ్ల జెండా తలకిందులు చేసి ఎగరేస్తే గానీ బుద్ధి రాదు!"

ఎదురు మందుల షాపాయన పగలబడి నవ్వి, "ఇంకోసారి అనండి మంత్రిగారూ," అంటూ ఫోన్‌లో వీడియో తీశాడు. మన మహానుభావుడు ఇంకోసారి అన్నాడు, ఇంకాస్త గట్టిగా. రాత్రికల్లా జెండాలు హోటలుకు చేరాయి, వీడియో ఊరంతా తిరిగింది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు హోటల్ నుంచి ఫోను. ఉన్నపళంగా ఇద్దర్నీ రమ్మన్నారు. ఆవిడ ఎందుకైనా మంచిదని సూది, దారం, బ్లేడు సంచిలో వేసుకుంది.

హాల్లో అడుగు పెట్టారు. బల్లల మీద ముప్పైకి ముప్పై జెండాలూ నారింజ పైకి, ఊదా కిందికి ఉన్నాయి. పక్కనే భద్రతాధికారి నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలోని ఫోనులోంచి మంత్రిగారి గొంతే ఖంగుమంటోంది.

"వాళ్ల దేశంలో జెండా తలకిందులైతే ఓడిపోయామని అర్థం," అన్నాడు అధికారి. "పది గంటలకు వాళ్లు లోపలికొస్తారు. ఇది చూస్తే కూర్చోరు, లేచి వెళ్లిపోతారు. కావాలనే చేశారా? అదే నిజమైతే మీరు ఇటునుంచి ఇటే స్టేషనుకి."

ఆవిడ అప్పటికే తివాచీ మీద చతికిలబడింది.

"ముందు జెండాల సంగతి చూద్దాం సార్. అడగాల్సినవి తర్వాత అడుగుదురు గానీ," అంది.

మంత్రిగారు బ్లేడుతో కుట్టు విప్పుతున్నాడు, ఆవిడ రెండో కొస మూస్తోంది. తొందరలో ఆయన వేలు కోసుకుంది. జెండా మీద రక్తం పడితే కొంప మునుగుతుందని వేలు నోట్లో పెట్టుకుని ఒంటి చేత్తో విప్పాడు. అధికారి వాచీ చూస్తూ నెత్తి మీదే నిలబడ్డాడు. పన్నెండు. ఇరవై. ఇరవై ఏడు. పది గంటలకు ఇంకా ఐదు నిమిషాలుందనగా ఆఖరిది కర్రకెక్కింది.

అధికారి కాగితం తీశాడు. "ఇప్పుడు చెప్పండి."

ప్రపంచ దేశాలన్నిటికీ సలహాలిచ్చిన మనిషి ఇప్పుడు తన సంగతి చెప్పుకోవాలి. పొరపాటు అన్న మాట నాలుక మీదికి వచ్చింది గానీ, ఆ వీడియో విన్నాక అది తనకే అబద్ధంలా తోచింది. ఈలోగా ఆవిడ లేచి నిలబడింది.

"తప్పు నాది సార్. ఆయన గుర్తు సరిగ్గానే పెట్టారు. నేనే చూసుకోకుండా రెండో కొస మూశాను."

"ముప్పైకీనా?"

"ముప్పైకీ."

అధికారి ఆవిడని ఎగాదిగా చూశాడు. తలుపు బయట బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. గబగబా రాసి సంతకం పెట్టమన్నాడు. ఇకమీదట ఆవిడ చేతి కుట్టు ఏ సర్కారీ పనికీ తీసుకోరాదని అందులో ఉంది. ఆవిడ చదివింది, పెట్టింది.

వెనక మెట్ల మీదికి వచ్చేదాకా మంత్రిగారు ఉగ్గబట్టుకున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? గుర్తు తప్పు పెట్టింది నేను. వాగుడులో పడి ఏ కొసో చూసుకోలేదు. అదే చెప్పబోతుంటే నువ్వెందుకు మీదేసుకున్నావు?"

ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది. "చూసుకోలేదా?"

"లేదే, ఒట్టు. నువ్వు కూడా కావాలని చేశాననుకున్నావా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుట్నుంచీ రాని నీళ్లు.

"అనుకున్నానండీ. ఆ ఆసుపత్రి వార్త విన్నరోజు నాకూ అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లుగా మాటలే విన్నాను. ఒక్కసారైనా మాట మీద నిలబడ్డారు కదా, ఈ మనిషిని జైలుకు పంపకూడదు అనుకున్నాను," అంది. "ఒట్టి పొరపాటా?"