రంగనాయకమ్మ రెండో మిషన్

పుంగనూరు దాటి రామసముద్రం వైపు కొద్ది దూరం పోతే, రోడ్డుకు ఎడమచేతి పక్కన ఆకుపచ్చ వల కప్పిన పందిళ్లు మూడు కనిపిస్తాయి. బోర్డు మీద దేవుడి పేరు ఉంది గానీ, చుట్టుపక్కల మండలాల రైతులంతా దాన్ని రంగనాయకమ్మ నర్సరీ అనే అంటారు. పదహారేళ్ల కిందట బోరులో నీళ్లు తగ్గిపోయి రెండెకరాల మెట్ట బీడు పడినప్పుడు, మిగిలిన ఆ కాసిని నీళ్లతో ఏం చేయవచ్చా అని ఆలోచించి ఆమె టమోటా నారు పెంచడం మొదలుపెట్టింది. తొంభై ఎనిమిది గుంతల ట్రేలో కొబ్బరిపొట్టు నింపి, గుంతకొక విత్తనం పెట్టి, ఇరవై ఐదు రోజులు పసిబిడ్డను సాకినట్టు సాకి రైతు చేతికివ్వాలి. నారు వేలెడు ఎత్తున ఉన్నప్పుడే కాండం రంగు, ఆకు తీరు చూసి అది ఏ రకమో చెప్పగలిగేది రంగనాయకమ్మ. భర్త మునిస్వామి నీళ్లూ మందులూ చూసుకునేవాడు. కొడుకు లోకేష్ ట్రేలను వ్యాన్‌లో పొలాలకు చేర్చేవాడు. కోడలు అర్చన ఆర్డర్ల ఫోన్లు అందుకునేది. పెత్తనం మాత్రం రంగనాయకమ్మదే. పొద్దున ఆరింటికి పందిట్లోకి వస్తే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే కూర్చునే మనిషి.

అట్లాంటి మనిషికి యాభై నాలుగో ఏట నిద్ర పట్టుకుంది. కొబ్బరిపొట్టు కలుపుతూ కలుపుతూ చేతులు ఆగిపోయేవి. మదనపల్లె బస్సెక్కితే స్టాండులో అందరూ దిగిపోయాక కండక్టర్ వచ్చి లేపాల్సి వచ్చేది. తెల్లవారి లేచేటప్పటికే తల దిమ్మెక్కి ఉండేది. రాత్రి గురకైతే పక్కింటి దాకా వినిపించేది. వయసు మీద పడుతోందిలే అని కొన్నాళ్లు సరిపెట్టుకున్నారు. ఒకరోజు ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, పొయ్యి ముందరే కూర్చుని నిద్రపోయేసరికి లోకేష్ భయపడి మదనపల్లెలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

వేలికీ ఛాతీకీ తీగలు తగిలించి ఒక రాత్రి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతోందని చెప్పి మిషన్ రాశారు. ముక్కుకు మాస్కు తగిలించుకుంటే, గొట్టంలోంచి గాలి ఒకే ఒత్తిడితో వస్తూ ఆ దారిని తెరిచి ఉంచుతుంది. మిషన్ అమ్మిన దుకాణం నుంచి ఒకతను ఇంటికి వచ్చి, మాస్కు ఎట్లా పెట్టుకోవాలో చూపించి, నెల రోజుల్లో అలవాటైపోతుందని చెప్పి వెళ్లాడు.

గురక మొదటి రాత్రే ఆగిపోయింది. ఇంట్లో వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. కానీ వారాలు గడిచినా రంగనాయకమ్మకు మత్తు వదల్లేదు సరికదా, ఇంకా ముదిరింది. మాట మధ్యలో ఏం చెబుతోందో మరిచిపోయి ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ ఉండిపోయేది. దుకాణం అతనికి రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ అతను, ఆమె రాత్రిళ్లు మాస్కు తీసేస్తున్నారేమో గమనించండి అన్నాడు. ఆ మాట లోకేష్ మనసులో నాటుకుపోయింది.

మిషన్ వచ్చిన నాలుగో నెల మొదట్లో గోపాలస్వామి వచ్చాడు. పెద్దతిప్పసముద్రంలో రైతు, ఎన్నో ఏళ్లుగా నారు ఇక్కడే తీసుకుంటాడు. ఆ ఏడు అతను కట్టెలు నాటి, తీగకు కట్టి పెంచే పొడుగు రకం అడిగి తీసుకుపోయాడు. ఇప్పుడు మోటార్ సైకిల్ దిగి, నీళ్లు తాగి, ఏమీ అరవకుండా ఫోన్‌లో తోట ఫోటో చూపించాడు. ఎకరం పొడుగునా మనిషెత్తు కట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. మొక్కలు మాత్రం మోకాలెత్తులో ఆగిపోయి గుబురు కట్టి ఉన్నాయి.

"ఇది పొట్టి రకం కదక్కా" అన్నాడు.

రంగనాయకమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని ఫోటో చూసింది. విత్తనం పెట్టిన రోజు ఆమెకు గుర్తుంది. రెండు రకాల ట్రేలకు చీటీలు రాస్తూ రాస్తూ కునుకు పట్టింది. లేచేసరికి పెన్ను సిరా చీర కుచ్చెళ్లకు అంటుకుని ఉంది. గబగబా మిగిలినవి రాసి, ఆ వరస చీటీలు ఈ వరసకు గుచ్చేసింది. ఆపైన ఇరవై ఐదు రోజులు ఆ నారు కళ్ల ముందరే పెరిగినా పోల్చుకోలేకపోయింది.

తప్పు తనదేనని గోపాలస్వామికి చెప్పింది. వచ్చే పంట కారుకు కావలసిన నారంతా తానే తెచ్చి తోటలో దింపుతానంది. అతను సరేనని తలూపి వెళ్లిపోయాడు. నాలుగు మాటలు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

అతను అటు పోగానే లోకేష్ ఉండబట్టలేకపోయాడు. పందిట్లో పదిమంది ఆడవాళ్లు విత్తనం పెడుతున్నారని కూడా చూడలేదు.

"మాస్కు పెట్టుకోమ్మా అని ఎన్నితూర్లు చెప్పేది? రాత్రి తీసి పక్కన పెట్టేస్తాండావు. ఇంగ పగలు నిద్ర రాకుండా ఎట్ల ఉంటాది?"

"పెట్టుకుంటానే ఉండాను రా" అంది ఆమె.

ఎవరూ నమ్మినట్టు లేదు. ఆడవాళ్లు తలలు వంచుకుని విత్తనాలు పెట్టసాగారు. రంగనాయకమ్మ చీటీల కట్ట, పెన్ను, ఆర్డర్ల పుస్తకం తెచ్చి అర్చన ముందర పెట్టేసింది. మర్నాటి నుంచి పందిట్లోకి రావడం మానేసింది. ఇంట్లో కూర్చుని, తనకే తెలియకుండా నిద్రలో మాస్కు తీసేస్తోందేమో అని ఆలోచించేది. చివరికి అదే నిజమేమో అనిపించి, పడుకునే ముందు మాస్కు పట్టీలు బలం కొద్దీ బిగించి కట్టుకోవడం మొదలుపెట్టింది. వారానికల్లా ముక్కు దూలం మీద చర్మం కమిలి నల్లబడింది.

అత్త తలకు నూనె పెడుతూ ఆ మచ్చ చూసింది అర్చన. ఇంత బిగించి కట్టుకునే మనిషి రాత్రి ఊడదీస్తుందా అని ఆ పిల్లకు అనుమానం వచ్చింది. ఆమె పుట్టిల్లు కుప్పం. అక్కడి పెద్దాసుపత్రిలో నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని తెలుసుకుని, మొగుడితో వాదించి ప్రయాణం కట్టించింది. మిషన్‌ను కూడా సంచిలో పెట్టింది. లోకేష్ వ్యాన్ నడిపాడు. పలమనేరు మీదుగా పోయే ఆ దారి పొడుగునా రంగనాయకమ్మ నిద్రపోతూనే ఉంది. పక్కన మునిస్వామి ఆమె తల అద్దానికి కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టర్ జాహ్నవికి ముప్పై ఐదేళ్లుంటాయేమో. అమ్మ మిషన్ సరిగ్గా వాడదు మేడం అని లోకేష్ ముందే చెప్పేశాడు. డాక్టరమ్మ మిషన్ పక్కనున్న చిన్న మూత తెరిచి, గోరంత కార్డు బయటికి తీసి కంప్యూటర్‌లో పెట్టింది. కాసేపు చూసి తెరను వాళ్ల వైపు తిప్పింది. తెర నిండా ఆకుపచ్చ గీతలు.

"ఒక్కో గీత ఒక్కో రాత్రి. నూట పద్దెనిమిది రాత్రుల్లో నూట పదిహేడు రాత్రులు మీ అమ్మ దీన్ని పెట్టుకున్నారు. సగటున ఆరున్నర గంటలు. గాలి లీకవడం కూడా లేదు. ఇంత బాగా వాడేవాళ్లు నాకు తక్కువమంది తగులుతారు. ఆ ఒక్క రాత్రి ఏమైందమ్మా?"

"ఆ పొద్దు కరెంటు లేదు తల్లీ" అంది రంగనాయకమ్మ.

లోకేష్ నేల చూపులు చూశాడు. జాహ్నవి ఇంకో బొమ్మ తెరిచింది. మిషన్ పెట్టుకున్నా గంటకు పాతికసార్లకు పైగా ఊపిరి ఆగుతోందని ఆ కార్డు చెబుతోంది. రాత్రిపూట ఈమె పక్కన ఎవరు పడుకుంటారని అడిగింది. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న మునిస్వామి ముందుకొచ్చాడు.

"నేనేమ్మా. ముందర గురక పెట్టేటప్పుడు గింజుకునేది. గాలి కోసరం కొట్లాడినట్టు ఉండేది. మిషన్ పెట్టినాక గురకా లేదు, గింజుకునేదీ లేదు. ఊరికే ఆగిపోతాది. రొమ్ము కదలదు. నేను పది, పన్నెండు లెక్కబెట్టుకుంటా ఉంటాను. మళ్లీ వస్తాది."

రంగనాయకమ్మ భర్త వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ మేలుకోని సూస్తానే ఉండావా?"

"చెప్తే నువ్వు భయపడతావని చెప్పలే" అన్నాడు మునిస్వామి.

జాహ్నవి కుర్చీ ముందుకు జరుపుకుంది. తనకు కావలసిన మాట అదేనంది. ఊపిరి రెండు రకాలుగా ఆగుతుందని, అందరికీ అర్థమయ్యేటట్టు నిదానంగా చెప్పింది. ఒకటి, గొంతు మూసుకుపోవడం. మొదటి మిషన్ దాన్ని బాగు చేసింది. రెండోది వేరు. దారి తెరిచే ఉంటుంది, కానీ ఊపిరి తీసుకోమని మెదడు నుంచి రావలసిన కబురే రాదు. కొందరిలో మొదటిదానికి వైద్యం మొదలయ్యాక ఈ రెండోది బయటపడుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఈమెకు తగ్గలేదు. ఇది ఒళ్లు బరువూ కాదు, బద్ధకమూ కాదు, ఎవరి తప్పూ కాదు.

దీనికి వేరే మిషన్ ఉందట. అది ఎప్పుడూ ఒకే ఒత్తిడితో ఊదదు. ప్రతి ఊపిరినీ కనిపెట్టుకుని ఉండి, మనిషి బాగా పీలుస్తుంటే తగ్గుతుంది, ఊపిరి సన్నగిల్లితే తోడు పడుతుంది, ఆగిపోతే తానే ఒక ఊపిరి ఇస్తుంది. అయితే వెంటనే మార్చడానికి జాహ్నవి ఒప్పుకోలేదు. గుండె బలహీనంగా ఉన్న కొందరికి ఆ మిషన్ మేలు కన్నా కీడు చేస్తుందని, ముందు గుండె స్కాన్ చేయించాలని చెప్పింది. స్కాన్‌లో గుండె పంపింగ్ బాగుందని తేలింది. ఆ తరువాత ఒక రాత్రి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, కొత్త మిషన్ పెట్టి, ఆమెకు ఎంత గాలి సరిపోతుందో కొలుచుకున్నారు.

కొత్త మిషన్‌తో తిరిగి వస్తూ వి.కోట దగ్గర టీకి ఆగారు. లోకేష్ రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి తల్లి చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాడు.

"నేను నిన్ను నమ్మకపోతిని మా" అన్నాడు.

"నన్ను నేనే నమ్మకపోతిని లే, తాగు" అంది ఆమె.

ఇంటికొచ్చాక మొదటి వారం తేలికగా ఏమీ గడవలేదు. ఊపిరి విడుస్తూ ఉండగానే మిషన్ లోపలికి ఊదినట్టు అనిపించేది. తన రొమ్ములో ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టుందని, ఇది తన వల్ల కాదని మాస్కు ఊడదీసి కూర్చుంది. ఆసుపత్రిలో మిషన్లు చూసే మునిశేఖర్‌కు అర్చన ఫోన్ చేసింది. అతను ఇంట్లో ఎవర్నీ తప్పు పట్టలేదు. ఫోన్‌లోనే చెబుతూ అర్చన చేత మిషన్‌లో కొన్ని అంకెలు మార్పించి, ముక్కు దూలానికి తగలని మెత్తని మాస్కు పంపించాడు. పగటిపూట టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోమన్నాడు. సీరియల్ చూస్తూ మూడు రోజులు అట్లాగే కూర్చుంది రంగనాయకమ్మ. నాలుగో నాటికి దాని పాటికి అది, తన పాటికి తాను కుదురుకున్నారు.

మూడో వారంలో తలదిమ్ము వదిలింది. ఒక ఉదయం ఎవరూ లేపకుండానే లేచి, ముఖం కడుక్కుని, పందిట్లోకి నడిచింది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆమె వరస చివరిదాకా పోయి, ఒక ట్రే ముందర ఆగి, చీటీ చూడకుండా రకం పేరు చెప్పింది. అర్చన పుస్తకం తీసి చూసి, అవునంది. ఆ తరువాతి నెలలో గోపాలస్వామి తోటకు నారు తీసుకుపోయి, వ్యాన్‌లోంచి ప్రతి ట్రేనూ తానే దింపింది. అతను మళ్లీ ఏడాదికి కూడా నారు చెప్పి పంపాడు.

అన్నీ మునుపటిలాగే అయిపోలేదు. ఎండ గట్టిగా ఉన్న మధ్యాహ్నాలు ఇంకా కాస్త నీరసంగా ఉంటుంది. కరెంటు పోతే మిషన్ నడవడానికి బ్యాటరీ పెట్టించుకోవాల్సి వచ్చింది. చీటీలు, ఆర్డర్ల పుస్తకం మాత్రం ఆమె తిరిగి తీసుకోలేదు. కోడలి చేతిరాత తన రాత కన్నా బాగుందని చెప్పి వాటిని అర్చనకే వదిలేసింది. మునిస్వామి ఇప్పుడు తెల్లవార్లూ నిద్రపోతున్నాడు. అతనికి కూడా గురక ఉందని రంగనాయకమ్మకు ఈ మధ్యే తెలిసింది. వద్దన్నా వినకుండా అతని పేరు కూడా ఆసుపత్రిలో రాయించింది.

మూడు నెలల తరువాత కుప్పం పోయినప్పుడు జాహ్నవి కార్డు తీసి చూసింది. ఊపిరి ఆగడం గంటకు మూడుకు దిగింది. అంకెలు బాగున్నాయి గానీ మీకెట్లా ఉందో చెప్పండి అని అడిగింది.

రంగనాయకమ్మ చెప్పింది.

"కలలు వస్తాండాయమ్మా. శానా ఏండ్లాయ, కలలు వచ్చి. మొన్న మా యమ్మ కలలోకి వచ్చి, నారుకు నీళ్లు దండిగా పోసేస్తాండావే అని తిట్టింది."

డాక్టరమ్మ నవ్వి, కార్డును తిరిగి మిషన్‌లో పెట్టి మూత వేసింది.