చీరలు వెతికితే బోరుబండి

గద్వాలలో మా మేనమామకు చీరల దుకాణం ఉంది. గద్వాల చీరలని గూగుల్‌లో వెతికితే ఆయన వెబ్‌సైటే మొదట కనిపించేది. దాన్ని నేను కొత్త చిరునామాకు మార్చి, ఆ స్థానం పోకుండా, పాతదానికి వచ్చినవాళ్లు కొత్తదానికి చేరేలా రీడైరెక్ట్ పెట్టాను.

వారం తిరగకముందే వనపర్తిలో బోర్లు వేసే, తెలిసిన అన్న ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన వెబ్‌సైటూ నా చేతి పనే.

“ఏంది తమ్మీ, ఆడోళ్లు ఫోన్ జేసి అంచు ఎంత ఎడల్పు అంటుండ్రు. మా బోరు ఆరున్నర ఇంచులని చెప్పిన. కొంగు సంగతి అడిగితే ఏం జెప్పాలె?”

కొత్త చిరునామాకు బదులు ఆయనది అతికించానన్నమాట. సరిచేసేసరికి గూగుల్ మా మామ సైటును ఎక్కడో వెనక పేజీలకు దించేసింది. పెళ్లిళ్ల సీజన్‌ దగ్గర పడుతోంది. అదృష్టవశాత్తూ ముహూర్తాలకు ముందే మా స్థానం తిరిగొచ్చింది.

ఇప్పుడు ఏ రీడైరెక్ట్ పెట్టినా ముందు నేనే నొక్కి చూస్తాను. మామ మాత్రం, బస్టాండుకు దారి నేను చెప్పినా ఇంకొకర్ని అడిగి ఖాయం చేసుకుంటున్నాడు.