ఖాళీ గడిలో పేరు

కువైట్‌లోని జాబ్రియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు పుట్టుకతో అమెరికా మనిషి; ఇక్కడి పనివాళ్లందరిలాగే నేనూ ఆమెను మామా అంటాను. పెళ్లి చేసుకుని వచ్చి, ఇక్కడే ముసలిదైంది. చూపు మందగించాక ఆమెకు కాగితాలు చదివిపెట్టడం కూడా నా పనే అయింది. పదో తరగతి ఇంగ్లీషు ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందని నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

అమెరికాను ఇంగ్లీషువాళ్లు ఏలిన కాలంలో బతికిన తన ముత్తవ్వలకు ముత్తవ్వ ఒకావిడ పేరు మామాకు కావాలి. వంశవృక్షంలో ఆ ఒక్క గడే ఖాళీ. కళ్లు పూర్తిగా పోకముందే తన చేత్తో ఆ పేరు రాయాలని ఆమె తపన. ఆవిడ భర్త రాసిన వీలునామా నకలు నాతో ఎన్నిసార్లు చదివించిందో! పొలాలు, ఆవులు, చివరికి ఇత్తడి గిన్నెలు కూడా రాశాడు మహానుభావుడు. పెళ్లాం పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'నా భార్య' అని ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఒకరోజు వంశవృక్షంలో ఆవిడ మనవరాళ్ల పేర్లు చదువుతూ ఆగిపోయాను. ముగ్గురు కూతుళ్లూ తమ మొదటి ఆడపిల్లకు ఒకటే పేరు పెట్టారు.

"మామా, మా పక్కన మొదటి ఆడబిడ్డకు అవ్వ పేరే పెడతారు. ఇది ఆ యమ్మ పేరే అయ్యుంటాది, చూడండి" అన్నాను.

మామా వెంటనే అమెరికాలోని చుట్టాలకు కబురు పంపింది. వారం తిరిగేసరికి చర్చి పెళ్లిళ్ల పుస్తకంలో ఆ పేరు, ఆ భర్త పేరు పక్కపక్కనే దొరికాయి. మామా కాగితం మీదికి వంగి, తన చేత్తోనే గడి నింపింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

తర్వాత కళ్లు తుడుచుకుంటూ, మీ అవ్వ పేరేమిటని అడిగింది. నాకు తెలియదు. మా నాయన తల్లి నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఎవరూ ఆమెను పేరుతో అనగా వినలేదు. ఇంకెవరి అవ్వనో వెతకడానికి వారాలు గడిపినదాన్ని, మా అవ్వ గురించి ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

శుక్రవారం అమ్మకు వీడియో కాల్ చేసి అడిగాను.

"అత్త పేరు నోటితో ఎట్ల చెప్పేదే?" అంది.

"నాకు తెలియాల మా. చెప్పు."

"నీకు ఉయ్యాల్లో పెట్టింది ఆ పేరే. అత్త పేరు పెట్టి బిడ్డను పిలిచేదానికి నోరు రాక పాపా, పాపా అంటాంటి. బళ్లో అయివారు ఇంకో పేరు రాసుకున్యాడు. అదే నిలబడిపాయ."

తర్వాత కొంగు తల మీదికి లాక్కుని ఆ పేరు చెప్పింది. చెప్పి, గబగబా లెంపలేసుకుంది.

నలభై రెండేళ్లలో అమ్మ నన్ను నా పేరుతో పిలవడం అదే మొదటిసారి.