ఆరున్నరకు పైకొచ్చిన చేపలు

ఇది ఒక ఘోరం కథ. ఇందులో మనిషి చావలేదు, చేప కూడా చావలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా బంధువుల్లో ఇది పదకొండు రకాలుగా తిరుగుతోంది. వాటిలో మూడింటిలో నేను నీళ్లలో మునిగిపోయాను, ఒకదాంట్లో పోలీసులు కూడా వచ్చారు. అసలు జరిగింది ఒక్కటే. అది విని, తప్పు నాది ఎంత, మిగతావాళ్లది ఎంత అనేది మీరే తేల్చండి. నా లెక్కలో నాది నలభై శాతం దాటదు.

ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై ఆరు. మాది అల్లూరు. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది, లెక్కలు మాత్రం రొయ్యల గుంటల గట్ల మీద నడుస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. గుంటలో నాలుగు చోట్ల వల విసిరి, పడినవాటిని తూచి, మొత్తం గుంటలో ఎన్ని కిలోలు ఉన్నాయో చెప్తాను. రేపు ఎంత మేత వెయ్యాలో, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని గంటలు తిప్పాలో చెప్తాను. రైతులు నన్ను లెక్కల రమణయ్య అంటారు. మా ఆవిడ సుజాత కూడా అప్పుడప్పుడు అంటుంది కానీ, ఆమె నోట అది మెచ్చుకోలులా వినిపించదు.

సుజాత మా మేనమామ కూతురు. మామూలుగా నన్ను 'బావా, నువ్వు' అంటుంది. 'మీరు' అందంటే ఆ రోజు ఇంట్లో వాతావరణం బాగాలేదని అర్థం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మా పెళ్లయిన మూడో రోజు ఇద్దరం మైపాడు సముద్రానికి పోవాలి. పులిహోర కలిపారు, మల్లెపూలు తెచ్చారు, ఆమె కొత్త చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది. అంతలో ఒక రైతు గుంటలో రొయ్యలు తేలుతున్నాయని కబురొచ్చింది. గంటలో వస్తానని పోయాను. పొద్దుగుంకాక వచ్చాను. పులిహోర మా అత్తగారు తినేశారు. ఆ ప్రయాణం అలాగే ఇరవై నాలుగేళ్లు బాకీ పడిపోయింది. ప్రతి పెళ్లిరోజుకూ ఏదో ఒక గుంట అడ్డొచ్చేది. దానికి నన్ను అంటే ఎలా, నీళ్లకు మా పెళ్లిరోజు తెలుస్తుందా?

చివరికి మా అమ్మాయి అనూష రంగంలోకి దిగింది. ఫోనులో వెతికి, విడవలూరు దాటాక సముద్రం పక్కన సరుగుడు తోటలో జంటల కోసం కట్టిన విడిదిలో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఒక కుటీరం తీసుకుంది. 'అలల చప్పుడు, సరుగుడు గాలి, మీరిద్దరే' అని అందులో రాసి ఉంది. ఐదు కుటీరాలుంటే పదిమంది అవుతారు గదా, మీరిద్దరే అని ఎట్టా రాస్తారని అడిగాను. అనూష వాళ్లమ్మ వైపు చూసింది. సుజాత అప్పుడు షరతు పెట్టింది.

"రెండు రోజులు బావా. గుంట మాట రాకూడదు, లెక్క మాట రాకూడదు. వచ్చిందా, బిట్రగుంట నుంచి మా అక్కను పిలిపించుకుంటా. నువ్వు బస్సెక్కి ఇంటికి పోదువుగాని."

అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను. అమాయకుణ్ణి.

బయలుదేరే ముందు నా సంచి తనిఖీ జరిగింది. నా నోటుపుస్తకం పోయింది. కాలిక్యులేటర్ పోయింది. నీళ్లలో ఉప్పు చూసే సాధనం తువ్వాలులో చుట్టి పెడితే అది కూడా దొరికిపోయింది. సబ్బు పెట్టె మాత్రం ఆమె తెరవలేదు. అందులో సబ్బు లేదు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే వేసే బిళ్లలు ఉన్నాయి. నన్ను దొంగను చూసినట్టు చూడకండి. కొందరు తలనొప్పి మాత్ర లేనిదే గడప దాటరు. ఇదీ అట్టాంటిదే.

విడిది బాగానే ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను. తాటాకు కప్పు, గట్టి మంచం, కిటికీలోంచి సరుగుడు చెట్లు. కానీ ఆ ఐదు కుటీరాల నడుమ, ఎక్కడ కూర్చున్నా కంట పడేలా, ఏం తవ్వారో తెలుసా? ఒక గుంట. జంటలు సేదదీరే చోట గుంట ఎందుకయ్యా? తాగుబోతును మాన్పించడానికి తీసుకుపోయి సారా కొట్టు ముందు మంచం వేసినట్టు. నేను మాత్రం నిబ్బరంగా కుర్చీ తిప్పి, గుంటకు వీపు పెట్టి కూర్చున్నాను. అయినా కొలత కంటికి అందేసింది. నలభై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. పైకి అనలేదు.

ఆ సాయంత్రం నేను చూపిన నిగ్రహం గురించి మా బంధువులు ఒక్కరూ మాట్లాడరు. చేపల పులుసు తిన్నాం, ముక్కలు లెక్కపెట్టలేదు. సముద్రం దాకా నడిచాం, అడుగులు నోటితో లెక్కపెట్టలేదు. సందె చీకటి పడుతుంటే సుజాత ఇసకలో కూర్చుని, చుక్కలు ఎన్ని వచ్చినాయో చూడు బావా అంది. అది వల అని నాకు తెలుసు. నేను మొత్తం ఆకాశాన్ని ఒకసారి చూసి, "చాలా" అన్నాను. నా జీవితంలో నోటితో చెప్పిన అతి కష్టమైన మొత్తం అదే. ఆమె పకపకా నవ్వి, నలుగురూ తిరుగుతుండగానే నా చెయ్యి పట్టుకుంది. ఇరవై నాలుగేళ్ల బాకీ ఆ ఒక్క మాటతో సగం తీరిపోయినట్టు అనిపించింది. అప్పుడే విడిది ఖాళీ చేసి వచ్చేసి ఉంటే ఈ రోజు నేను ఆదర్శ భర్తను.

తెల్లారింది. నేను లేచేసరికి సుజాత పక్కన లేదు. బయట మబ్బు పట్టి ఉంది, సరుగుడు ఆకు కదలడం లేదు. ఎక్కడో గంట మోగింది. కాఫీకి పిలుస్తున్నారనుకున్నాను. వెంటనే సుజాత గొంతు వినిపించింది.

"బావా, తొందరగా రా. నీకొకటి చూపిస్తా."

వెళ్లాను. ఆమె నీలం చీర కట్టుకుని గుంట గట్టు మీద నిలబడి ఉంది. ఒక చెయ్యి వీపు వెనక దాచుకుంది. ముఖం పెళ్లయిన మూడో రోజు వాకిట్లో కూర్చున్నప్పటి ముఖంలా వెలిగిపోతోంది. ఇవన్నీ నేను తర్వాత గుర్తు చేసుకున్నవి. అప్పుడు మాత్రం నేను చూసింది నీళ్లను.

నీళ్లంతా చేపలు. వందల చేపలు పైకొచ్చి, నీటి మట్టానికి నోళ్లు పెట్టి, గుప్పు గుప్పుమని తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

మీలో గుంటలు తెలియనివాళ్ల కోసం చెప్తాను. రాత్రి ఎప్పుడో మబ్బు పట్టింది, గాలి లేదు, నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. అలాంటి నీళ్లలో తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. మా వైపు ఏ రైతుకు ఆ దృశ్యం చూపించినా గుండె జారిపోతుంది. మరో అరగంటలో అవి తెల్లగా వెల్లకిలా తేలతాయి. గడియారం చూశాను. ఆరున్నర దాటి రెండు నిమిషాలు. ఇప్పుడు చెప్పండి, నా చోట మీరుంటే గట్టు మీద నిలబడి ఆవిడ చీర మెచ్చుకుంటారా?

"చస్తా ఉండాయి" అని అరిచి, పరిగెత్తాను.

సుజాత 'బావా, అవి' అని మొదలుపెట్టింది. మాట్లాడే టైం కాదన్నాను. మోటారు ఎక్కడుందని అరుస్తూ విడిది చుట్టూ ఒక చుట్టు కొట్టాను. 'అది కాదు బావా' అంది. నువ్వుండు అన్నాను. కుటీరంలోకి దూరి సబ్బు పెట్టె తెచ్చి, బిళ్లలన్నీ గుంటలోకి విసిరాను. నీళ్లు సోడాలా బుసబుసమని పొంగాయి. 'ఆ పెట్టెలో సబ్బు గదా, అయినా అవి' అంది ఆమె, నీరసంగా. తర్వాత చెప్తానన్నాను. అప్పటికే లుంగీ ఎగ్గట్టి నడుము లోతు నీళ్లలో దిగి, రెండు చేతులతో నీళ్లు కొడుతున్నాను. నీళ్లను ఎంత చిలికితే అంత గాలి కలుస్తుంది. కానీ వెయ్యి చదరపు అడుగుల గుంటకు ఒక మనిషి చాలడు.

అందుకే మిగతావాళ్లను లేపాను. ఇది నా తప్పు కిందికి రాదు, నాయకత్వం కిందికి వస్తుంది. కావలి నుంచి వచ్చిన కొత్త పెళ్లికొడుకు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు. పద్దెనిమిది నిమిషాలే ఉన్నాయి తమ్ముడూ, దిగు అన్నాను. ఏం కొంప మునిగిందో అడగకుండానే దూకేశాడు, మంచి పిల్లవాడు. వాళ్లావిడ గట్టు మీద కూర్చుని కాళ్లతో కొట్టింది. రిటైరైన మాస్టారు ఒకాయన పంచె తడవకుండా స్టీలు పళ్లెంతో కొట్టారు, ఆయన భార్య విసనకర్రతో కొట్టారు. జంటలన్నీ ప్రశాంతత కోసం వచ్చిన చోట, ఆరు నలభై అయిదుకు, ఒక జాతరంత చప్పుడు లేచింది. చేపలు ఒక్కటి కూడా కనపడకుండా అడుక్కి పారిపోయాయి. చూశారా, ఊపిరి అందింది, దిగిపోయాయి అని నేను గెలిచినవాడిలా చెప్పాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. సుజాత 'బావా, ఒక్క మాట' అంది. అయిపోయింది, ఇంకేం భయం లేదు అని ఆమెకు ధైర్యం చెప్పాను.

అప్పుడు విడిది యజమాని శ్రీహరి పాలక్యాను పెట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. నీళ్లలో ఉన్నవాళ్లను, గట్టు మీద ఉన్నవాళ్లను, నురుగును మార్చి మార్చి చూశాడు. నేను జరిగింది చెప్పాను. తెల్లారుజామున మోటారు పెట్టకుండా పాలకు పోతావా అని గట్టిగానే మందలించాను. అతను పాపం మర్యాదస్తుడు.

"అన్నా, అవి మేతకొస్తాయన్నా. రోజూ ఆరున్నరకు గంట కొట్టి మరమరాలు వేస్తాము. గంట ఇనపడితే చాలు, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రాత్రి అక్కకు చెప్పినా గదా, గంట కూడా అక్క చేతికే ఇచ్చినా. నీళ్లకు ఢోకా లేదన్నా, రాత్రంతా అడుగున గాలి గొట్టం ఆడతానే ఉంటది."

కావలి పిల్లవాడు మెల్లిగా ఒడ్డుకు నడిచాడు. మాస్టారు పళ్లెం తుడుచుకున్నారు.

సుజాత వీపు వెనక ఉన్న చెయ్యి ముందుకు తెచ్చింది. అందులో మరమరాల పొట్లం ఉంది. నాకోసం ఆమె చీకటితో లేచి, చీర కట్టుకుని, గంట కొట్టి పిలిపించిన చేపలు అవి. గుంట మాట ఎత్తకూడదని షరతు పెట్టిన మనిషి, నాకిష్టమని నన్ను గుంట దగ్గరికే పిలిచింది.

న్యాయంగా ఇక్కడ నా తప్పు యాభై అయిదు శాతం వేసుకుంటాను. అయినా ఈ విడిది వాళ్లను ఏమనాలి? చేప నోరు తెరిచిందంటే ఆపద. ప్రాణం పోయే సైగను పట్టుకుని, తిండి అడుక్కునే సైగగా మార్చి పెడతారా? మా ప్రాంతంలో ఇది పచ్చి మోసం.

ఇంత జరిగినా వ్యవహారం చెయ్యి దాటలేదు. నేను నురుగులో నిలబడి ఉంటే, తలమీద నాచు ఉంది కాబోలు, సుజాత పెదవి చివర నవ్వు మొదలైంది. నేను చూశాను. ఆమె ఆ నవ్వుతోనే అంది.

"మూడుసార్లు చెప్పబోయినా బావా నీకు. ఒక్కసారన్నా ఇన్నావా?"

పాఠకులారా, ఇక్కడ ఏ మగవాడైనా తల వంచుకుంటాడు. నేను మాత్రం నిజం కోసం నిలబడ్డాను.

"నాలుగుసార్లు" అన్నాను.

నవ్వు వెనక్కి వెళ్లిపోయింది. ఆమె పొట్లం శ్రీహరి చేతికిచ్చి, ఫోను తీసి, నావైపు చూస్తూ నంబరు నొక్కింది. "అక్కా, ఖాళీగా ఉండావా? రెండు చీరలు పెట్టుకుని వచ్చెయ్" అని చెప్పి పెట్టేసింది. తర్వాత నాతో, "మీ బస్సు ఎన్నింటికో కనుక్కోండి" అంది.

మీ. కనుక్కోండి. గుర్తుంది గదా, ముందే చెప్పాను.

మా వదిన బిట్రగుంట నుంచి ఆటోలో పదిన్నరకల్లా దిగింది. అంత తొందరగా ఆమె మా ఇంట్లో ఏ శుభకార్యానికీ రాలేదు. నా వైపు ఒకసారి చూసి, నా కుర్చీలో కూర్చుంది. అది కూడా గుంట వైపు తిప్పుకుని. నేను తడిసిన లుంగీ సంచిలో వేసుకుని, ఖాళీ సబ్బు పెట్టెతో బస్సెక్కాను. సాయంత్రం ఫోనులో ఫోటో వచ్చింది. గుంటలో తిప్పే చిన్న పడవలో అక్కాచెల్లెళ్లు, చుట్టూ నోళ్లు తెరిచిన చేపలు. శ్రీహరి ఆ ఫోటోను అచ్చు వేయించి విడిది గోడ మీద 'మా జంటలు' అనే వరసలో తగిలించాడు. ఇప్పటికీ ఉంది. మూడుసార్లు చెప్పి చూశాను, తియ్యడు.

ఆదివారం పొద్దుగుంకే వేళకు సుజాత ఇంటికొచ్చింది. రెండు రోజుల కోసం దాచిన మల్లెపూలు వాడిపోయి సంచిలో ఉన్నాయి. నేను నా వాదన మొత్తం సిద్ధం చేసుకున్నాను. మబ్బు, గాలి, నీటి రంగు, నిమిషాలు అన్నీ కాగితం మీద రాసి పెట్టాను. ఆమె కాగితం తీసుకోలేదు.

"ఆ చేపల కోసం పరిగెత్తినావే బావా," అంది, చెప్పులు విడుస్తూ. "ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి నా కోసం అట్టా పరిగెత్తుంటే, నేను గంట కొట్టి పిలవాల్సిన పని ఉండేదా?"

దానికి నా కాగితంలో జవాబు లేదు. వెనక వైపు కూడా చూశాను.

కాబట్టి నా తప్పు తొంభై తొమ్మిది శాతంగా సవరిస్తున్నాను. మిగిలిన ఒక్క శాతం ఆ గంటది, అది వదులుకోను. అల్లూరు గుంటల సాక్షిగా, ఏరేటర్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ నీళ్లలో ఏ చేప నోరు తెరిచినా, ముందు మా ఆవిడ చెయ్యి ఎక్కడుందో చూస్తాను. అది వీపు వెనక ఉంటే, అందులో ఏముందని అడుగుతాను. ఆమె ఏదైనా చెప్పబోతే ఆగి వింటాను. ఎన్నిసార్లు చెప్పబోయిందో మాత్రం, చచ్చినా, పైకి చెప్పను.