బావురుపిల్లి మెడలో తీగ

పిల్లిని చూడటానికి టిక్కెట్టు కొని పడవెక్కుతారని అరవై దాటాక మొదటిసారి విన్నాను. బెజవాడలో ఉద్యోగం చేసే మా మనవరాలు సెలవుకు వచ్చి నన్ను బయల్దేరదీసింది.

"ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? మన చేపల చెరువు గట్టున కూర్చో, చేపలెత్తుకుపోయే బావురుపిల్లి ఊరికే కనపడుద్ది. నాలుగు తిట్లు తిట్టుకోవచ్చు కూడా."

"ఈ ఒక్కసారి తిట్టకుండా చూడు అమ్మమ్మా."

మడ అడవి పాయలోకి తిరగగానే ఇంజను ఆపేశారు. పడవ నడిపే అతను మా పక్క ఊరివాడే, అటవీశాఖకి కాపలా పని కూడా చేస్తాడు. కొంగ లేచినా, బురదలో చేప గెంతినా జనం నోళ్ళు తెరుస్తున్నారు. నేను మాత్రం ఆ బురదలో ఎన్ని పీతలుంటాయో చూసుకుంటున్నాను.

"అదిగోనండీ, కదలకండి. పగటిపూట కనపడిందంటే మీ అదృష్టం," అన్నాడతను.

మడచెట్టు వేళ్ళ మధ్య, నీటి అంచున కూర్చుంది బావురుపిల్లి. మనవరాలు బైనాక్యులర్స్ నా కళ్ళకి పెట్టింది. ముందు ఒంటి మీద మచ్చలు కనిపించాయి. తర్వాత మెడ. మెడ చుట్టూ తీగ. తీగ కొసన నీలం తొడుగు.

ఆ తొడుగుని గుర్తుపట్టాను. పాత మోపెడ్ బ్రేకు వైర్లు పారేయకుండా ఉచ్చులు చేసి మా చెరువు చుట్టూ పెట్టింది నేనే. చేతికి గుచ్చుకోకుండా కొసకి మోటారు కేబులు తొడుగు ఎక్కించిందీ నేనే. పడితే అక్కడే చస్తుందనుకున్నాను. తీగ తెంపుకుని, దాన్ని మెడకేసుకుని బతుకుతుందని ఏనాడూ అనుకోలేదు.

"ఎవడో ఉచ్చేశాడండీ. వాడి చేతులు పడిపోను," అన్నాడు పడవతను.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే కేసు. కానీ ఆ ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు.

"ఆ తిట్టు నాకేనయ్యా. ఉచ్చు నాది."

పడవంతా నావైపు తిరిగింది. మనవరాలు నా చేతిలోంచి బైనాక్యులర్స్ తీసేసుకుంది.

"మీరా, మామ్మగారూ?" అన్నాడు పడవతను.

"నేనే. తర్వాత తిట్టు. తెల్లారగట్ల అది మా తూము కాడికి వచ్చిద్ది. బోను తెండి, బతికున్న కొర్రమేను నేనిస్తా. ఆలస్యమైతే చచ్చిపోద్ది."

అటవీశాఖవాళ్ళు తెచ్చి పెట్టిన బోను మూడు రోజులు ఖాళీ. నాలుగోనాడు పిల్లి పడింది. పశువుల డాక్టరుగారు మత్తుసూది వేశారు. తీగ మాంసంలోకి దిగిపోయి కత్తెర మొన దూరలేదు.

"ఈ మెలిక ఎటు తిప్పారండీ?" అనడిగారు.

నేనే కింద కూర్చుని విప్పాను. ఎన్నో ఉచ్చులు వేసిన చేతులు, విప్పడం అదే మొదలు. తీగ కింద చర్మం లేదు. దాని చెవి నా మణికట్టుకి వెచ్చగా తగులుతూనే ఉంది.

"బతుకుద్దా అండీ?" అంది మనవరాలు.

"చూద్దామమ్మా," అని ఆయన దాన్ని జీపులో తీసుకెళ్ళారు.

అటవీశాఖవాళ్ళు మిగతా ఉచ్చులు చూపించమన్నారు. గట్టంతా తిప్పి ఒక్కొక్కటే తీయించాను. మొత్తం పదకొండు పెట్టాను. తొమ్మిది దొరికాయి, ఒకటి డాక్టరుగారి పళ్ళెంలో ఉంది. పదకొండోది పెట్టినచోట మేకు ఉంది, తీగ లేదు.

"ఇక్కడిది ఏమైంది మామ్మగారూ?" అనడిగారు.

"ఆ మడ అడవిలో ఇంకోదాని మెడలో ఉండుద్ది. బోను ఇక్కడే ఉంచండి," అన్నాను.