గండుచీమల మీద నా ఫిర్యాదు

రెండున్నరేళ్ల మా పాప వేలిని గండుచీమ కరిచిన సాయంత్రం నేను చేసిన హడావిడికి, ఇప్పుడు పాప పడుకున్నాక ఇలా రాయడానికి కూర్చుంటే, సిగ్గనిపిస్తోంది. ఎర్రబడ్డ చోటు ఫోటో తీసి పిల్లల డాక్టరుకు పంపాను. ఆవిడ "ఏం కాదు" అని జవాబిచ్చేలోపే మా అపార్ట్‌మెంట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టేశాను: వెనకగోడ దగ్గర కానుగ చెట్టు మొదట్లో చీమలున్నాయి, మందు కొట్టించండి, అత్యవసరం. శనివారం మనిషి వస్తాడని బదులొచ్చింది.

మేముండేది నార్సింగిలో. ఆ గోడకు అవతల ఇంకా కాసిని బండలూ తంగేడు పొదలూ మిగిలి ఉన్నాయి. మర్నాడు పాపను అటు పోనివ్వకుండా చంకనేసుకుని తిరుగుతుంటే, మెట్లు తుడిచే అక్క నవ్వింది. ఆమెది పాలమూరు వైపు.

"గండుచీమ కరిస్తే గింత పరేషానా? గది ఊకె కరుస్తదా? నీ బిడ్డనే దాన్ని పట్టి నలిపింది, నేను చూసిన. జర కిందికి దింపమ్మా, కాళ్లున్నయ్ గద పిల్లకు!"

దింపాను. పాప నేరుగా ఆ చెట్టు దగ్గరికే పోయింది. నేనూ పక్కన గొంతుక్కూర్చోక తప్పలేదు.

చీమను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నిగనిగలాడే నలుపు. నడుము ఉందా లేదా అన్నంత సన్నం. అన్నీ ఒకే కొలతవి కావు; కొన్నిటికి ఒంటికి మించిన తల. అలాంటిదొకటి బొరియ అంచున కదలకుండా నిలబడి ఉంటే పాప దాన్ని "తాత" అంది. ఎదురుపడ్డ ప్రతి రెండూ ఆగి, మీసాలతో ఒకదాన్నొకటి తడుముకుని మరీ సాగిపోతున్నాయి. మా లిఫ్టులో మేం ఒకరి మొహం ఒకరం అంతసేపు చూసుకోం. పైన లేత చిగుళ్ల మీద సన్నటి పురుగులు గుంపుగా ఉన్నాయి. చీమ వెళ్లి మీసాలతో వాటి వీపు మెల్లిగా తడుతుంది. పురుగు ఒక బొట్టు వదులుతుంది. అది తియ్యగా ఉంటుందట, చీమ తాగేస్తుంది. పాపకు అన్నం తినిపించేటప్పుడు నాకు ఆ ఓపికలో సగం ఉండదు.

మూడు రోజులు అదే మా పని. బిస్కెట్ పొడి చల్లి, చేతులు వెనక్కి కట్టుకుని చూడటం పాప నేర్చుకుంది. శుక్రవారం ఫిర్యాదు వెనక్కి తీసుకోబోతే, పని అప్పజెప్పేశాక కుదరదంది యాప్. శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్లి చెట్టు ముందు నిలబడ్డాం. మందు డబ్బా వీపుకు తగిలించుకుని ఒకాయన వచ్చాడు.

"వద్దండి, వీటితో ఇబ్బందేం లేదు," అన్నాను.

ఆయన ఫోన్ చూసుకున్నాడు. "అత్యవసరమని రాసింది మీరే గద మేడం?"

"నేనేనండి. కంగారుపడి రాశాను."

"అయితే కరుస్తలేవా?"

"కరవవండి."

"గదే కాగితం మీద రాసియ్యండి. లేకుంటే మా సారు నన్ను తిడ్తడు."

కాగితం గోడకు ఆనించి 'చీమల వల్ల ఇబ్బంది లేదు' అని రాస్తుండగా, చెప్పు సందులో నా కాలి చిటికెన వేలిని ఒకటి గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు కదపకుండా సంతకం పెట్టి, ఆయన మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను.

పాప నా కాలి దగ్గరకు వంగి చూసి, "అమ్మా, తాత!" అంది.